ఇరవై తీసేసిన ఊరు

మా ఊళ్ళో గోడగడియారాలన్నీ పది నిమిషాలు ముందుంటాయి. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. రేపల్లె పాసింజరు అందుకోవడానికి ఎవరో ఒకరు ముల్లు ముందుకు తిప్పి ఉంటారు, పక్కింటివాళ్ళు చూసి తామూ తిప్పి ఉంటారు. దానివల్ల ఎవరికీ రైలు తీరిగ్గా అందింది లేదు. గడియారం వైపు చూడగానే మనసులో పది తీసేసుకుంటాం, ఇంకో గుక్క కాఫీ తాగుతాం, ఆఖర్న పరుగెత్తుతాం. బళ్ళో పిల్లలకు తీసివేతలు నేర్పడానికి నేను పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. వాళ్ళ తల్లిదండ్రులు మాత్రం గడియారం ముందు నిలబడి కళ్ళు మూసుకుని చేసేస్తారు.

రత్నం కథ చెప్పబోతూ గడియారాల గోల ఏంటంటారేమో. ఆ తీసివేత దగ్గరే ఉంది కథంతా.

రత్నం మా ఊరి ఆశా వర్కరు. వేమూరు పక్కన, కాలువ వెంట ఉంటుంది మా ఊరు. ఊరి చివర లూథరన్ చర్చి, దాని వెనక వీధిలో రత్నం ఇల్లు. భర్త శాలేమురాజు ఆటో నడుపుతాడు. కూతురు నీరజ బాపట్లలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. రత్నం నడకను నడక అనడానికి వీల్లేదు. చెప్పుల చప్పుడు వీధి మలుపులో వినపడగానే మా అరుగు మీది పిల్లి లేచి గోడెక్కేస్తుంది. భుజాన సంచి, సంచిలో బీపీ మిషను, దాని పక్కన ఫోను. మాట సగంలో ఉండగానే కాళ్ళు తర్వాతి ఇంటివైపు తిరిగి ఉంటాయి.

"కూర్చోవే రత్నం, మజ్జిగ తాగి వెళ్ళు" అంటే, "నిలబడే తాగుతానండి, కూర్చుంటే లేవబుద్ధి కాదు" అనేది.

నర్సమ్మకు నాలుగైదు ఊళ్ళు చూసే పని కాబట్టి బీపీ మిషను రత్నం చేతికి వచ్చింది. నొక్కితే తనంతట తానే ఉబ్బి అంకె చూపించే రకం. మొదట్లో మా ఊరి ముసలివాళ్ళు దాన్ని దగ్గరికి రానివ్వలేదు. ఆ పట్టీ బిగుసుకుంటే నరం చిట్లుతుందని ఎవరో పుట్టించారు. రత్నం దానికొక ఉపాయం కనిపెట్టింది. ఏ ఇంటికి వెళ్ళినా ముందు పట్టీ తన చేతికే కట్టుకునేది.

"చూడు పెద్దమ్మా, నాకేమన్నా అయిందా? ఉబ్బింది, తగ్గింది, అంకె వచ్చింది. చీర కుచ్చిళ్ళు బిగించుకున్నంత నెప్పి కూడా లేదు. ఇప్పుడు నీ చెయ్యి ఇలా తే."

పిల్లవాడికి ముద్ద పెట్టేముందు తల్లి కొంచెం తిని చూపించినట్టు ఉండేది. ఆ తర్వాత ముసలివాళ్ళు అదొక మర్యాద కింద అలవాటు చేసుకున్నారు. రత్నం తను కట్టుకోకుండా వాళ్ళకు కట్టబోతే ఊరుకునేవారు కాదు. "ముందు నువ్వు" అనేవారు. అలా మా ఊళ్ళో అందరికంటే ఎక్కువసార్లు బీపీ చూసుకున్న చెయ్యి రత్నానిదే. కాకపోతే దాన్ని చూసుకోవడం అని ఎవరూ అనుకోలేదు, రత్నం కూడా.

పోయిన వానాకాలం తర్వాత ఒకరోజు మా ఇంటికొచ్చి, పట్టీ తన చేతికి కట్టుకుని, అంకె చూసి మొహం చిట్లించింది.

"మిషను పాడయింది టీచరుగారూ."

"ఏమైంది?"

"నా బీపీ నూటఇరవై. మొదట్నించీ అంతే. ఇప్పుడు ఎక్కడ పెట్టినా నూటనలభై అంటంది. ఇరవై కలుపుకుంటంది దొంగది."

"నీదే పెరిగిందేమో."

"నాకెందుకు పెరుగుద్దండి? ఊరంతా నడిచేది నేనేగా. పచ్చడి ముట్టను, ఉప్పుచేప ముట్టను. మా అత్త ఎనభై దాటిందాకా గట్టిగా ఉంది."

"మీ అత్త గట్టిగా ఉంటే నీకేంటే?"

"ఒకే పొయ్యి మీద వండుకు తిన్నాం గదండి."

మజ్జిగ నిలబడే తాగి వెళ్ళిపోయింది.

మిషను బాగయ్యేదాకా ఇరవై తీసేసుకోండని రత్నం అందరికీ చెప్పింది. గడియారాలకు అలవాటుపడ్డ ఊరు కదా, ఈ తీసివేతను ఎంత ముచ్చటగా అందుకున్నారో చెప్పలేను. నూటఅరవై వచ్చినవాళ్ళు నూటనలభై చెప్పుకున్నారు. నూటనలభై వచ్చినవాళ్ళు నిమ్మకాయ పచ్చడి జాడీ మూత తీశారు. ఆదివారం చర్చి విడిచాక మెట్ల దగ్గర, సాయంత్రం పాలకేంద్రం దగ్గర అవే కబుర్లు. నేను మాత్రం నా మాత్ర మానలేదు. నాకు భయం ఎక్కువ.

కొన్నాళ్ళకు రత్నం మళ్ళీ వచ్చింది. "మిషను ముదిరిందండి. ఇప్పుడు ముప్పై తీసేయాల."

ఈ తీసివేత అందరికంటే బాగా నచ్చింది చెంచురామయ్యకు. కాలువ అవతల అరటితోట ఆయనది. గెల కోసి భుజాన వేసుకుంటే కుర్రవాళ్ళు కూడా పక్కకు తప్పుకునే మనిషి. అంతకుముందు ఏడాది డాక్టరు బీపీ మాత్రలు రాసిచ్చాడు. ఆ మాత్ర పేరెత్తితే ఆయనకు మంట. భార్య ధనలక్ష్మి రోజూ గ్లాసుతో నీళ్ళు పట్టుకుని ఆయన చుట్టూ తిరిగేది. ఆ రోజు రత్నం వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నేను అరటిపువ్వు కోసం అక్కడే ఉన్నాను. ఆయనకు నూటడెబ్బై చూపించింది మిషను.

"ముప్పై తీసెయ్" అన్నాడు చెంచురామయ్య వెంటనే.

"నూటనలభై బాబాయ్."

"నా వయసుకు నూటనలభై అంటే ఏంటి?"

"పర్లేదనే అంటారు."

"విన్నావా లక్ష్మీ? ఇక ఆ మాత్రలు కాలువలో పారెయ్. చేపలకేమన్నా బీపీ ఉంటే తగ్గుద్ది."

ధనలక్ష్మి నవ్వలేదు. "మానెయ్యమంటావా రత్నం? నువ్వు చెప్పు."

ఆ క్షణంలో రత్నం సంచిలో ఫోను మోగింది. రత్నం భుజం ఎవరో కొరడాతో కొట్టినట్టు అదిరింది. సంచిలో చెయ్యి పెట్టి వెతుక్కుంటూనే, "ఒక వారం ఆపి చూడండి పిన్నీ, మళ్ళీ వచ్చి చూస్తాగా" అనేసి, ఫోను చెవికి పెట్టుకుని గడప దాటింది. మళ్ళీ వచ్చినప్పుడూ అదే మిషను, అదే తీసివేత. మాత్రలు అలాగే ఆగిపోయాయి.

ఆ ఫోను సంగతి చెప్పాలి. వానాకాలంలో మా ఊరి తులసికి నెలలు నిండాయి. నొప్పులు మొదలవగానే రత్నానికి ఫోను చేశారు. రత్నం స్నానాల గదిలో ఉంది. వచ్చి చూసుకునేసరికి ఎన్నిసార్లో మోగి ఆగిపోయింది. అప్పటికి శాలేమురాజే ఆటో తీసి తులసిని ఎక్కించుకుని బయల్దేరాడు. రైలుగేటు పడింది. గేటు ముందు, ఆటోలోనే, వెనక బండిలోని ముసలమ్మ చేతిలో బిడ్డ పుట్టింది. తల్లీ బిడ్డా నిక్షేపంలా ఉన్నారు. ఆ పిల్లకు ఇప్పుడు పళ్ళొస్తున్నాయి. ఊరంతా ఆ పిల్లను గేటుపాప అని ముద్దుగా పిలుస్తారు. శాలేమురాజు అయితే నా ఆటోలో ఎక్కింది ఇద్దరు, దిగింది ముగ్గురు అని అందరికీ చెప్పి నవ్విస్తాడు.

రత్నం ఒక్కసారి కూడా నవ్వలేదు.

అప్పటినుంచి ఫోను తలగడ కింద. స్నానానికి వెళ్తే కిటికీలో. గ్రూపుల్లో మెసేజీ టింగుమన్నా లేచి కూర్చునేది. తెల్లారకముందే మొదలయ్యేవి ఆ టింగులు. ఆ సర్వే ఎంతయింది, ఈ ఫోటో పెట్టలేదేం, యాప్‌లో నీ మొహం చూపించు అని. మా ఊళ్ళో మాటలకు సిగ్నలు చాలుతుంది గానీ, యాప్‌కు కావలసినంత రావాలంటే చర్చి మెట్ల మీద నిలబడాలి. మెట్ల మీద నిలబడి ఫోనుకు మొహం చూపిస్తూ, మీ మొహం సరిపోలేదని అది అంటే మళ్ళీ చూపిస్తూ ఉండేది. మొహం నిజంగానే మారిపోయింది. కళ్ళ కింద నల్లగా, బుగ్గలు లోపలికి.

"తల వెనక బరువుగా ఉందండి" అనేది.

"చూపించుకోవే."

"గ్యాసండి."

గుండె దడ అంటే గ్యాసు. మెడ పట్టేసిందంటే గ్యాసు. అన్నం సయించకపోయినా, కూతురు ఫోను చేస్తే ఊరికే కసురుకున్నా గ్యాసే. ఒకనాడు బియ్యం పొయ్యి మీద పెట్టి నీళ్ళు పోయడం మర్చిపోయిందని శాలేమురాజు చెబితే, అదీ గ్యాసేనా అని అడిగాను. "ఆ పొయ్యి గ్యాసుదే గదండీ" అన్నాడతను. ముగ్గురం నవ్వాం. నవ్వుతూనే రత్నం ఫోను తీసి చూసుకుంది.

బాపట్లలో మీటింగుకు వెళ్ళినప్పుడు, మార్చమని అడగడానికి మిషను పట్టుకెళ్ళింది. అక్కడ సామాన్లిచ్చే ఆయన తన చేతికి కట్టుకుని చూసుకున్నాడట. నూటపద్దెనిమిది.

"బానే ఉందిగదమ్మా" అన్నాడట.

"బాపట్లలో బానే ఉంటది సార్, మా ఊరొస్తే ముదురుద్ది" అందట రత్నం.

వేసవి మొదట్లో ఒక ఉదయం నేను కళ్ళజోడు కోసం తెనాలి వెళ్తుంటే, రత్నం మిషను సంచితో స్టేషన్లో కనిపించింది. ఆ రోజు సెలవు పెట్టిందట. ప్లాట్‌ఫాం మీద ఈ చివర్నుంచి ఆ చివరకు నడుస్తోంది.

"తెనాల్లో బాగుచేయించుకొస్తానండి. నిన్న నూటడెబ్బై దాకా పోయింది. ఇక దీంతో వేగలేను."

బోస్ రోడ్డు పక్క సందులో డాక్టర్ల సామాన్లమ్మే కొట్టు ఉంది. కొట్టు హనుమాన్‌ప్రసాద్ అనే ఆయనది, నిదానస్తుడు. బ్యాటరీలు కొత్తవి వేశాడు. పట్టీకి కన్నాలున్నాయేమో చూశాడు. తన చేతికి కట్టుకున్నాడు, మామూలుగా వచ్చింది. నా చేతికి కట్టాడు, మాత్ర వేసుకుని వచ్చాను కదా, నాకూ మామూలే. తర్వాత రత్నానికి కట్టి, అంకె చూసి, పట్టీ విప్పి ఇంకోసారి కట్టి చూశాడు.

"అమ్మా, మిషనులో దోషం లేదమ్మా."

"మరి నాకు అంతెందుకు చూపిస్తది?"

"నేను సామాన్లమ్ముకునేవాణ్ణి. నేను చెప్పకూడదు. పాదరసం మిషనుండే చోట ఒకసారి చూపించుకోండి, అనుమానం తీరిపోద్ది."

"మీరూ ఆ బాపట్లాయన లాగే అంటారేంటండి" అని రత్నం మిషను లాక్కుని సంచిలో కుక్కేసింది. గొంతు పెద్దదయింది. ప్రసాద్ ఫ్యాను రత్నం వైపు తిప్పాడు.

బయటికొచ్చాక రోడ్డు మధ్యలో ఆగి అంది, "రేపల్లె పోతానండి. మా స్టెల్లాక్క దగ్గర పాదరసం మిషనుంది. అది పెట్టి, ఇది పెట్టి, రెండూ పక్కపక్కన చూపించి, ఫోటో తీసి గ్రూపులో పెడతా. అప్పుడెట్లా మార్చరో చూస్తా."

స్టెల్లా రత్నం పెద్దమ్మ కూతురు. రేపల్లెలో ఒక క్లినిక్కులో నర్సు. రత్నాన్ని ఆ ఊపులో ఒంటరిగా వదలబుద్ధి కాలేదు. కళ్ళజోడు ఎక్కడికీ పోదు, నేనూ ఎక్కాను.

రేపల్లె బండి మా వేమూరు మీదుగానే వెళ్తుంది. మా స్టేషన్ వచ్చింది, తెలిసినవాళ్ళు దిగారు, "దిగట్లేదా టీచరుగారూ" అని అడిగారు, బండి కదిలింది. రత్నం సీటు అంచున కూర్చుని మోకాలు ఆడిస్తోంది. కిటికీలోంచి చూస్తోంది గానీ ఏమీ చూడటం లేదు. ఫోను తీస్తోంది, పెడుతోంది. పెనుమర్రు దాటుతుంటే అది మోగింది. ధనలక్ష్మి.

పక్కనే ఉన్నాను కాబట్టి అవతలి మాట నాకూ వినపడింది.

"రత్నం, మీ బాబాయికి పొద్దుట్నించీ తల వెనక ఒకటే నెప్పంట. ఎడంచెయ్యి తిమ్మిరిగా ఉందంటన్నాడు. అయినా తోటకు పోయాడు, లారీ వస్తదని. ఏంటంటావ్?"

"గ్యాసై ఉంటది పిన్నీ. మొన్న చూశాగా, తీసేస్తే నూటనలభైయేగా. నిమ్మకాయ సోడా తాగమను."

"మాత్ర ఎయ్యనా?"

"వద్దులే, నేను సాయంత్రం వచ్చి చూస్తా."

ఫోను పెట్టేసి తల వెనక చెయ్యి వేసి నొక్కుకుంది. తనకూ అక్కడే నొప్పి.

స్టెల్లా ఉన్న క్లినిక్కు రేపల్లె స్టేషన్‌కు దగ్గర్లోనే. మనిషి లావుగా, నెమ్మదిగా ఉంటుంది. మమ్మల్ని చూసి ముందు మంచినీళ్ళిచ్చింది. రత్నం గ్లాసు ముట్టకుండానే చెయ్యి చాపింది.

"పెట్టక్కా తొందరగా."

"ఐదు నిమిషాలు కూర్చో ముందు."

"నాకు టైం లేదక్కా."

"జనానికి నువ్వేం చెప్తావే? కూర్చోబెట్టి, ఊపిరి తీసుకోనిచ్చి, మాట్లాడొద్దని చెప్పి, అప్పుడు చూడాలని చెప్పవా? నువ్వు ఎప్పుడన్నా అట్లా కూర్చుని చూసుకున్నావా?"

రత్నం నా వైపు చూసింది. ఇన్నాళ్ళూ ఇల్లిల్లూ తిరిగి, ఆయాసంతో లోపలికొచ్చి, నిలబడే కట్టుకుంది పట్టీ.

"అదే అయ్యుంటదక్కా" అంది ఆశగా. "నడిచొచ్చి పెట్టుకోబట్టి ఎక్కువ చూపించింది. అంతే."

"అంతేనేమో చూద్దాం. ఫోను ఇటివ్వు."

"ఫోనెందుకు?"

"ఇవ్వు."

స్టెల్లా ఫోను తీసుకుని సొరుగులో పెట్టి మూసింది. రత్నాన్ని కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోమంది. నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. రత్నం కాళ్ళు ఆడిస్తే స్టెల్లా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. రత్నం సొరుగు వైపు చూసింది. కిటికీ వైపు చూసింది. మళ్ళీ సొరుగు వైపు. కాసేపటికి కళ్ళలోంచి నీళ్ళు కారాయి. ఏడుపు కాదది, నొప్పి ఉన్నట్టు మొహం కూడా పెట్టలేదు. ఊరికే కూర్చోబెట్టినందుకు కారుతున్నట్టు కారాయి.

"అక్కా, అది మోగితే?"

"మోగితే నేనున్నా."

పాదరసం నూటడెబ్బై దగ్గర కొట్టుకోవడం మొదలుపెట్టింది. రెండో చెయ్యి చూసింది, అంతే. రత్నం మిషను పెట్టింది, కొంచెం అటూ ఇటూగా అదే. స్టెల్లా చెవుల్లోంచి గొట్టాలు తీసింది.

"నీ మిషను మంచిదేనే. ఇన్నాళ్ళూ నీకు చెప్తానే ఉంది."

రత్నం రెండు మిషన్లనూ మార్చి మార్చి చూసింది.

"పామును చూస్తే గుండె దడదడలాడుద్ది, ఒళ్ళు బిగుసుకుంటది. పాము పోయాక సర్దుకుంటది. ఒళ్ళు అట్లా చేసేది మనం బతకడానికే. నీ పాము సంచిలోనే ఉందాయె. రాత్రి తలగడ కింద కూడా పెట్టుకుంటన్నావు. ఇంక సర్దుకునేదెప్పుడు? అదొక్కటే అని నేననను, మీ అమ్మకీ ఉందిగా బీపీ. కానీ ఉన్నదాన్ని ఇది తోస్తంది ముందుకి. తల బరువు, దడ, తిండి సయించకపోవడం, పిల్ల మీద అరవడం, అన్నీ దాని పిల్లలే."

ఈ మాటలు రత్నం విన్నదో లేదో తెలియదు. ఆమె వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంటోంది. లెక్క పూర్తయినట్టుంది, మొహం తెల్లగా పాలిపోయింది.

"అయితే ఆ ఇరవై, ఆ ముప్పై మిషనువి కావు, నావే. చెంచురామయ్య బాబాయిది నూటడెబ్బైయే."

అప్పుడు నాకూ వెలిగింది. ఎడంచెయ్యి తిమ్మిరి. నిమ్మకాయ సోడా.

స్టెల్లాకు ముక్కలు ముక్కలుగా చెప్పాం. ఆమె నెమ్మది ఒక్కసారిగా పోయింది. "ఆయన్ని నడవనివ్వద్దు. వెంటనే తెనాలి పెద్దాసుపత్రికి" అంటూ సొరుగు లాగి ఫోను ఇచ్చింది. రత్నం ధనలక్ష్మికి చేసింది. ఎత్తలేదు. చెంచురామయ్యకు చేసింది. మోగి మోగి ఆగింది. రత్నం లేచి పరుగు. డాక్టరుగారు వచ్చేదాకా ఉండు, నీకూ మాత్ర కావాలని స్టెల్లా వెనకే వస్తున్నా ఆగలేదు. తిరుగు రైలుకు వేళ కాలేదు. తెనాలి బస్సు కదులుతుంటే ఆపి ఎక్కాం.

బస్సు నిండా జనం. ఇద్దరం నిలబడ్డాం. రత్నం మళ్ళీ మళ్ళీ నొక్కుతోంది. ధనలక్ష్మి కూడా తోటకు పోయి ఉంటుంది, ఫోన్లు రెండూ ఇంట్లోనే మోగుతుంటాయి.

"శాలేమురాజుకు చెయ్యవే" అన్నాను. "ఆటో ఊళ్ళోనే ఉంటుందిగా."

రత్నం ఫోను పట్టుకుని అలాగే నిలబడింది. అంతసేపూ ఆగని వేళ్ళు ఆగిపోయాయి. నాకు అర్థమైంది. మొగుడికి చెబితే ఊరికి చెప్పినట్టే. ఊరికి చెబితే మిషను బాగుందని చెప్పాలి. మిషను బాగుందంటే ఇన్నాళ్ళూ అందరి దగ్గరా తీసేసిన ఇరవైలు, ముప్పైలు అన్నీ వెనక్కి ఇవ్వాలి. ఇక ఎవరు చెయ్యి చాపుతారు రత్నానికి? మా ఊళ్ళో ఆమెకున్నదల్లా ఆ నమ్మకమేగా.

"టీచరుగారూ, మీరు చెప్పరా?"

"చెప్తానే. కానీ నేను చెబితే చెంచురామయ్య ఆటో ఎక్కడు. మాత్ర మానమంది నువ్వు. నువ్వంటేనే ఎక్కుతాడు."

భట్టిప్రోలు దాటుతుంటే చేసింది. బస్సు చప్పుడులో వినపడక అరవాల్సి వచ్చింది. ముందు సీట్లవాళ్ళు తిరిగి చూశారు.

"ఏవయ్యా, చెంచురామయ్య బాబాయి తోటకు పో ఇప్పుడే. ఆటో ఎక్కించి తెనాలి తీసుకుపో... గ్యాసు కాదు. నేను తప్పు చెప్పా. నా మిషను బాగానే ఉంది. బాగోలేంది నేను. ఆయన ఎక్కనంటే అదే చెప్పు. రత్నానికే బీపీ ఉంది, మిషనుకు లేదని చెప్పు... ఆఁ, నాకే. తర్వాత అడుగుదువులే, ముందు పో."

రత్నం ఫోను పెట్టేసింది. ఎవరో ఒకామె లేచి, "కూర్చో అమ్మా" అంది. మొట్టమొదటిసారి రత్నం వద్దనకుండా కూర్చుంది.

వేమూరులో దిగలేదు, అదే బస్సులో తెనాలి పోయాం. ఆసుపత్రి వసారాలో శాలేమురాజు నిలబడి ఉన్నాడు. అతను తోటకు వెళ్ళేసరికి చెంచురామయ్య చేతిలోంచి కత్తి జారిపోయి, దాన్ని తీయడానికి వంగి, వంగినవాడు లేవలేక అరటిబోదెకు ఆనుకుని ఉన్నాడట. ఆటో ఎక్కనని అప్పుడు కూడా అన్నాడట, కాకపోతే మాట ముద్దగా వచ్చిందట. ధనలక్ష్మి తోసి ఎక్కించింది. రైలుగేటు పడబోతుంటే గేటుమాన్‌ను బతిమాలి దాటించాడు శాలేమురాజు.

మెదడులో చిన్న రక్తనాళం పూడుకుందని, వేళకే తెచ్చారని, చెయ్యి నెమ్మదిగా స్వాధీనంలోకి వస్తుందని డాక్టరు చెప్పాడు. అదే డాక్టరుకు రత్నాన్నీ చూపించాను. మాత్ర రాశాడు. మాత్రతో పాటు నిద్ర కూడా రాశాడు. అది ఏ కొట్లో దొరుకుద్దండి అని అడిగింది రత్నం.

ధనలక్ష్మి బెంచీ మీద కూర్చుని ఉంది. రత్నం వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"నిన్ను తిట్టడానికి నాకు ఓపిక లేదు రత్నం" అంది ధనలక్ష్మి. "ఇంటింటికీ పోయి చెప్పుకో. ఇంకెవరి మొగుడూ వంగి లేవకుండా ఉండకూడదు."

చెప్పుకుంది. అది అనుకున్నంత తేలిక కాలేదు. తీసేసిన ఇరవైని తిరిగి తీసుకోవడానికి జనం ఒప్పుకోలేదు. "నీ మిషను పాడయిందని నువ్వేగా చెప్పావు, ఇప్పుడు బాగయిందంటే ఎట్లా నమ్మేది" అని వాదించారు. పచ్చడి జాడీ మూత పెట్టమంటే ఎవరికి నచ్చుతుంది? ఒకామె తలుపు వేసేసుకుంది. కొందరు జాలిపడ్డారు, అది ఇంకా కష్టం. రత్నం తలుపులు కొడుతూనే పోయింది. కొన్ని ఇళ్ళలో నేను పక్కన నిలబడి, నా మాత్ర డబ్బా చూపించాను. ఆ సంచిలో ఫోను అప్పటికీ టింగుమంటూనే ఉంది, భుజం అప్పటికీ అదురుతూనే ఉంది. ఒకే రోజున మారిపోవడానికి మనుషులేమన్నా గోడగడియారాలా?

చెంచురామయ్య ఇంటికి మాత్రం ఆఖర్న వెళ్ళింది. అప్పటికి ఆయన వసారాలో కుర్చీ వేసుకుని, ఎడంచేతిలో రబ్బరు బంతి నొక్కుతున్నాడు. చెయ్యి చెప్పినమాట సగం సగం వింటోంది. నన్ను కూడా రమ్మంది రత్నం, గడప దగ్గర ధైర్యం చాలక.

"బాబాయ్, బీపీ చూడనా?"

ఆయన చెయ్యి చాపలేదు. బంతి పక్కన పెట్టాడు.

"ముందు నువ్వు."

రత్నం తల దించుకుని సంచిలోంచి మిషను తీసి పట్టీ చుట్టుకోబోయింది.

"నిలబడి కాదు. టీచరుగారు అంతా చెప్పారు నాకు. కూర్చో. ఆనుకుని కూర్చో. నోరు మూసుకో."

ధనలక్ష్మి లోపల్నుంచి కుర్చీ తెచ్చి విసురుగా వేసింది. రత్నం కూర్చుంది. అరటాకుల మీద గాలి చప్పుడు తప్ప ఇంకేం లేదు. చెంచురామయ్య కళ్ళు మూసుకున్నాడు, ఆయన కూడా ఆ ఐదు నిమిషాలు కూర్చుంటున్నట్టు. కాసేపటికి సంచిలో ఫోను మోగింది. రత్నం చెయ్యి దానంతట అదే సంచి మీదికి పోయింది. మధ్యలో ఆగింది. మోత ఆగడం లేదు.

ధనలక్ష్మి వచ్చి సంచిలోంచి ఫోను తీసి చెవికి పెట్టుకుంది.

"ఎవరు? నొప్పులా? కాదా? మరేంటి... సర్వేనా? రత్నం కూర్చుంది. ఐదు నిమిషాలాగి చెయ్యండి."

ఫోను కొంగులో చుట్టుకుని గడప మీద కూర్చుంది. రత్నం చెయ్యి నెమ్మదిగా వెనక్కి వచ్చి ఒళ్ళో పడింది.